జనవరిలో ఇద్దరు చిన్నపిల్లలతో ఫ్లిండర్స్, కూబర్ పీడీ క్యాంపింగ్: వెళ్లొచ్చా, పిచ్చి పనా?

పల్నాడు_పిల్ల
మేం ఆస్ట్రేలియాలో అడిలైడ్ వచ్చి మూడేళ్లయింది. పాపకి ఐదేళ్లు, బాబుకి ఇంకా రెండు నిండలేదు. మావారికి జనవరి 8 దాకా ఆఫీసు మూత, మళ్లీ సెలవు ఎప్పుడో తెలియదు. అత్తయ్య నరసరావుపేట నుంచి వచ్చారు, ఏప్రిల్ ఆఖరు దాకా ఉంటారు. ఆవిడకి ఎడారి చూడాలని కోరిక.

ప్లాన్ ఇదీ: ఫ్లిండర్స్ కొండల్లోని విల్పీనాలో మూడు రాత్రులు టెంట్, అక్కణ్ణుంచి పోర్ట్ అగస్టా మీదుగా ఎడారిలోని గనుల ఊరు కూబర్ పీడీ, అక్కడ రెండు రాత్రులు మళ్లీ టెంటే. ఆరుగురు పట్టే టెంట్ కొనేశాం కూడా. ఇక్కడ జనవరి అంటే నడివేసవి కదా, ఆఫీసులో ఆస్ట్రేలియన్ కొలీగ్‌కి చెప్తే "జనవరిలోనా? పిల్లలతోనా?" అని రెండుసార్లు అడిగాడు. అత్తయ్యేమో "రెంటచింతల పక్క ఊళ్లో పుట్టినదాన్ని, నాకు ఎండ సంగతి చెప్తారా" అంటున్నారు. ఎవరి మాట వినాలి? పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జెర్రీక్యాన్_మూర్తి
కొలీగ్ మాట వినండి.

గూడూరు_నిమ్మకాయ
టెంట్ ముందు కొని ప్రశ్న తర్వాత అడిగారంటే పక్కా మనవాళ్లే.

సింగరేణి_బిడ్డ
అంత భయపెట్టకండి అన్నా. మా కొత్తగూడెం దిక్కు మే నెలంతా 44, 45 ఉంటది. మేం ఎండాకాలం సెలవుల్లో పొద్దంతా గోలీలాడి పెరిగినం. ఈ దేశపోళ్లు 35 దాటితే టీవీలో వార్త వేస్తరు. నీళ్లు బాగా పట్టుకొని పోండి, ఏం కాదు.

జెర్రీక్యాన్_మూర్తి
సింగరేణి గారూ, గోలీలాట అయ్యాక ఎక్కడ పడుకున్నారు? ఇంట్లో. ఫ్యాన్ కింద. పక్కింట్లో అడిగితే కుండనీళ్లు ఇచ్చేవాళ్లు. అక్కడ ఎవరిని అడుగుతారు?

కొంచెం వివరంగానే చెప్తాను, నేను అటువైపు పధ్నాలుగేళ్లుగా తిరుగుతున్నా. ఫ్లిండర్స్‌లో జనవరి అంటే 40 దాటడం మామూలు. ఇంకా పైకి పోతే ఊడ్నడాటా ఉంది, 1960 జనవరి 2న అక్కడ 50.7 డిగ్రీలు నమోదైంది. ఆస్ట్రేలియా రికార్డు అదే. 2022లో పశ్చిమాన ఆన్స్‌లోలో మళ్లీ అంతే వచ్చింది తప్ప ఇంకా ఎవరూ దాటలేదు. కూబర్ పీడీలో జనం సరదాకి భూమి కింద ఇళ్లు తవ్వుకోలేదండీ. 1915లో ఓపల్ అనే రత్నం దొరికాక వచ్చినవాళ్లు పైన ఉండలేక గనుల్లోకే కాపురం మార్చారు. ఆ ఊళ్లో మీరు టెంట్ వేస్తానంటున్నారు!

రోడ్డు సంగతి వేరే. పోర్ట్ అగస్టా నుంచి కూబర్ పీడీ 540 కిలోమీటర్లు. మధ్యలో పింబా, గ్లెండాంబో, అంతే. గ్లెండాంబో దాటాక 250 కిలోమీటర్లు ఒక్క బంకు ఉండదు. నేనైతే పింబాలోనే ఫుల్ చేయిస్తా, ముందు ఏది తెరిచి ఉందో ఏది మూశారో అని టెన్షన్ ఉండదు.

గూడూరు_నిమ్మకాయ
గ్లెండాంబో ఊరి బోర్డు ఎవరైనా చూశారా? గొర్రెలు 22,500, ఈగలు 20 లక్షలు, మనుషులు 30 అని రాసుంటుంది. ఈగల లెక్క తక్కువ వేశారని నా అనుభవం. నా నోట్లోకే రెండు వందలు పోయుంటాయి.

నర్సమ్మ_కబుర్లు
పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి ఒక మాట. "మనకి ఎండ అలవాటే" అన్నది పెద్దవాళ్ల ఒళ్లు సంగతి, అదీ కొంతవరకే. పల్నాడు_పిల్ల గారూ, మీ బాబు ఎండ చూసిందెక్కడ? అడిలైడ్‌లో ఏసీ గదిలో పెరిగినవాడు. వాడికి రెంటచింతల వారసత్వం రాదు.

చిన్నపిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. బయటి వేడి లోపలికి త్వరగా ఎక్కుతుంది, చెమట మనంత పట్టదు. పైగా దాహం అని చెప్పడం రాదు. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడనుకుంటాం, అది నిద్ర కాకపోవచ్చు. నాపీ (డైపర్) ఆరేడు గంటలు పొడిగా ఉండడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, వేలాడిపోవడం, ఈ గుర్తులు గుండెలో రాసుకోండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, పిలిస్తే పలక్కపోయినా అది వడదెబ్బే. ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు తీసి ఒళ్లంతా నీళ్లు చల్లుతూ విసురుతూ ఉండాలి.

ఆవకాయ_అడిలైడ్
జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మా నాయనమ్మ.

నర్సమ్మ_కబుర్లు
ఉల్లిపాయ పెరుగన్నంలో నంజుకోండి. జేబులో పెట్టుకుంటే జేబు కంపు కొడుతుంది.

మజ్జిగ_మెల్‌బోర్న్
మూర్తి గారు, నర్సమ్మ గారు చెప్పినదాంట్లో అతిశయం ఏం లేదు. మా కథ వినండి. మూడేళ్ల క్రితం జనవరి, సరిగ్గా మీలాంటి ప్లానే. మెల్‌బోర్న్ నుంచి మిల్డూరా మీదుగా బయల్దేరాం. మొదటి దెబ్బ యాంబా దగ్గరే పడింది. సౌత్ ఆస్ట్రేలియాలోకి పళ్లు తేకూడదని, ఫ్రూట్ ఫ్లై (పళ్లని పాడుచేసే ఈగ) తనిఖీ. పెట్టెడు మామిడిపళ్లు, కిలో టమాటాలు, చివరికి పచ్చిమిరపకాయలు కూడా డబ్బాలో వేయించారు. మా ఆవిడ మామిడిపళ్లకి బాధపడలేదు, మిరపకాయలకి ఏడ్చింది.

రెండో రోజు ఫ్లిండర్స్‌లో టెంట్ వేశాం. పొద్దున ఎనిమిదింటికే లోపల ఉండలేకపోయాం. మధ్యాహ్నం 43. నైలాన్ టెంట్ అంటే పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె అని అప్పుడు తెలిసింది. చెట్టు నీడలో కూర్చుంటే వేడి గాలి మొహానికి కొట్టేది, హెయిర్ డ్రయ్యర్ ఎదురుగా కూర్చున్నట్టే. ఎస్కీలో (ఐసుపెట్టెలో) ఐసు పన్నెండింటికల్లా నీళ్లయింది, మజ్జిగ విరిగింది (నా పేరు చూసి నవ్వకండి). మూడేళ్ల మా అమ్మాయి సాయంత్రం నాలుగింటికి బొమ్మ కింద పడేసి తియ్యలేదు. తియ్యమంటే నా మొహం చూసింది గానీ పలకలేదు. అదీ నాకు గుర్తుండిపోయింది.

కారు ఏసీ వేసి దాన్ని ఎక్కిస్తుంటే సీటు బెల్టు ఇనప బకిల్ తొడకి తగిలి చుర్రుమంది. వారం రోజులు ఆ మచ్చ చతురస్రంగా అలాగే ఉంది. దగ్గర ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లాం, కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ పట్టించి రాత్రికి పంపించారు. దేవుడి దయ. టెంట్ అక్కడే వదిలేసి మోటెల్‌లో పడుకున్నాం, పొద్దున్నే వెళ్లి విప్పుకొచ్చాం.

సింగరేణి_బిడ్డ
అయ్యో. అమ్మాయి బాగున్నదా ఇప్పుడు?

మజ్జిగ_మెల్‌బోర్న్
బాగుంది బ్రదర్. ఇప్పుడు టెంట్ అంటే అదే ముందు గెంతుతుంది. నాకే గుండె దడ.

పల్నాడు_పిల్ల
మీ పోస్టు మావారికి చదివి వినిపించాను. బకిల్ దగ్గర ఆగిపోయి, లేచి కార్లోకి వెళ్లి బకిల్ చూసొచ్చారు.

మరి ఓఆర్ఎస్ ఇంట్లో చేసుకుంటే సరిపోతుందా, లీటరుకి చిటికెడు ఉప్పు గుప్పెడు పంచదార అంటారు కదా?

నర్సమ్మ_కబుర్లు
మీ గుప్పెడు వేరు, మీ ఆయన గుప్పెడు వేరు. చెంచాతో కొలవండి. లీటరు మంచినీళ్లలో టీస్పూనుతో తలకొట్టి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఇది ఏమీ దొరకనప్పుడు మాత్రమే. ఇక్కడ ఫార్మసీలో పొడి, ఐసు పుల్లల్లా గడ్డకట్టించుకునేవి కూడా దొరుకుతాయి, పిల్లలు గోల చేయకుండా చప్పరిస్తారు. అవి కొనుక్కెళ్లండి.

ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే, విరక్కుండా ఉంటే!

సన్‌స్క్రీన్_సుబ్బలక్ష్మి
ఒకటి ఎవరూ అనలేదు. "మనం నల్లగా ఉంటాం, మనకి సన్‌స్క్రీన్ ఎందుకు" అనే బ్యాచ్ ఇక్కడ ఎంతమంది?

ఆవకాయ_అడిలైడ్
నేను ఒకణ్ణి.

సన్‌స్క్రీన్_సుబ్బలక్ష్మి
అనుకున్నా. చామనఛాయ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచిక 3కి చేరితే రాసుకోమంటారు ఇక్కడ, వేసవి మధ్యాహ్నం అది 10 దాటి ఉంటుంది. పిల్లలకి ఎస్‌పీఎఫ్ 50, రెండు గంటలకోసారి మళ్లీ. చెవుల మీద, పాదాల మీద మర్చిపోతాం. అన్నిటికన్నా చవక పని పొడుగు చేతుల పల్చటి కాటన్ చొక్కా, మెడ మీదికి గుడ్డ వేలాడే టోపీ.

కుండనీళ్లు
సింగరేణి గారి వైపు నుంచి ఒక మాట. మన ఎండ అనుభవం పూర్తిగా పనికిరాదని కాదు. విజయవాడలో 40 డిగ్రీలకి చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఫ్లిండర్స్‌లో 40 డిగ్రీలకి చొక్కా పొడిగా ఉంటుంది. చెమట పట్టట్లేదని కాదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతోంది. అందుకే నీళ్లు పోతున్న సంగతే తెలియదు. కోస్తావాళ్లు ఇక్కడే మోసపోతారు.

కానీ అదే పొడి గాలి మనకి సాయం కూడా చేస్తుంది. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ వేడి లాక్కుపోతుంది. వట్టివేళ్ల తడకలు తడిపి కిటికీలకి కట్టేది కూడా అందుకే. 1890ల్లో పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు గనుల దగ్గర కూల్‌గార్డీ సేఫ్ అని చేసుకున్నారు. చెక్క చట్రానికి గోనెపట్టా చుట్టి, పైన తొట్టిలోంచి నీళ్లు దిగేలా చేసి, లోపల మాంసం, వెన్న పెట్టుకునేవారు. పాత కార్ల బంపర్‌కి కాన్వాస్ నీళ్ల సంచీ వేలాడదీసేవారు, అదీ ఇదే కిటుకు. మన అమ్మమ్మల కుండకి వాళ్ల గోనెపట్టా వియ్యపురాలు.

జెర్రీక్యాన్_మూర్తి
బాగా చెప్పారు. అయితే తడపడానికి నీళ్లు కావాలి. మనిషికి రోజుకి 10 లీటర్లు నా లెక్క, తాగడం, వంట, కడుక్కోవడం అన్నీ కలిపి. విల్పీనాలో కుళాయి ఉంది కాబట్టి సరిపోతుంది. రోడ్డు మీద మాత్రం 20 లీటర్ల డబ్బాలు రెండు కార్లో ఉండాలి. 40 లీటర్ల డబ్బా ఒకటి కాదు. ఒకటి కారితే రెండోది ఉంటుంది.

గూడూరు_నిమ్మకాయ
అందుకే ఆ పేరు పెట్టుకున్నారన్నమాట.

పెర్త్_పులిహోర
తిండి సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి. ఫైర్ బ్యాన్ ఉన్న రోజు ఆ పార్కుల్లో గ్యాసు స్టవ్ కూడా వెలిగించకూడదు. వేసవిలో కట్టెల మంట ఎలాగూ ఉండదు. అంటే ఆ రోజు అన్నం లేదు, టీ లేదు. పిల్లాడి పాలు వెచ్చబెట్టడానికీ లేదు. ముందురోజు రాత్రే పులిహోర కలిపి పెట్టుకోవాలి. చింతపండు పులుసు కాచి సీసాలో పోసుకెళ్తే నాలుగు రోజులైనా చెడదు. కందిపొడి, నెయ్యి సరేసరి. పెరుగు మీద ఆశ పెట్టుకోవద్దు, ఎస్కీ రెండు పెట్టుకోండి. తాగేవి ఒకదాంట్లో, పాలు పెరుగు ఇంకోదాంట్లో. పిల్లలు నిమిషానికోసారి తెరిచేది మొదటిదే కదా.

దీపావళి_టపాసు
డింగోలు (ఇక్కడి అడవి కుక్కలు)? రెండేళ్ల పిల్లాడితో టెంట్ అంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది. 1980లో ఉలూరు అనే పెద్ద ఎర్రకొండ దగ్గర టెంట్‌లోంచి పసిపాపని డింగో ఎత్తుకుపోయిన కేసు. తల్లినే జైల్లో పెట్టారు, 2012కి గానీ కరోనర్ (మరణాలపై విచారణ చేసే అధికారి) డింగోయే అని తేల్చలేదు.

జెర్రీక్యాన్_మూర్తి
నిజమే, కానీ దానికి జాగ్రత్త సులువు. తిండి బయట వదలకూడదు, పసివాణ్ణి టెంట్‌లో ఒంటరిగా పడుకోబెట్టి పొయ్యి దగ్గర కబుర్లాడకూడదు. పాములకి రాత్రి టార్చి, బూట్లు. బూటు తొడుక్కునే ముందు దులపాలి, విషపు రెడ్‌బ్యాక్ సాలీళ్లకి అవంటే ఇష్టం. మనవాళ్లు చెప్పులతో టాయ్‌లెట్‌కి పోతారు, అక్కడే చిక్కు.

నాకు వీటన్నిటికన్నా చెట్లంటే భయం. ఎండిన వాగు పక్కన పెద్ద రెడ్‌గమ్ చెట్టు, చల్లటి నీడ, ఇక్కడే టెంట్ వేద్దాం అనిపిస్తుంది. ఆ చెట్లు గాలి లేని రోజు కూడా చెప్పాపెట్టకుండా కొమ్మ విరిచి పడేస్తాయి. పగలు నీడలో కూర్చోవాలన్నా ముందు తల పైకెత్తి కొమ్మలు చూడండి, టెంట్ మాత్రం అస్సలు వద్దు. వాగు గర్భంలో ఎలాగూ వద్దు, ఎక్కడో వాన పడితే ఇక్కడికి నీళ్లొస్తాయి.

పల్నాడు_పిల్ల
ఈ చర్చంతా నిన్న రాత్రి అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"ఎండకి తట్టుకున్నామంటే ఎండలో తిరిగి కాదే. పదకొండు కొట్టేసరికి తలుపులేసుకుని మిద్దెలో పడుకున్నాం. మళ్లీ అయిదింటికే గడప దాటేది. మీ టెంటుకి మిద్దె ఏదీ, తలుపు ఏదీ? నేను వస్తానన్నది చూడ్డానికి, వేగడానికి కాదు."

మొన్నటిదాకా "నాకు చెప్తారా" అన్నది ఈవిడే!

గూడూరు_నిమ్మకాయ
అత్తయ్యగారిని ఈ గ్రూపు మోడరేటర్‌గా ప్రతిపాదిస్తున్నా.

సింగరేణి_బిడ్డ
ఒప్పుకున్న. మా అమ్మ కూడా గిట్లనే తలుపులు వేసేది, మేం గోడ దూకి పోయేది. ఆ సంగతే మర్చిపోయిన. మే నెలలో వడదెబ్బకి ఎవరో ఒకరు పోయిన వార్త మా దిక్కు ప్రతి ఏడూ ఉండేదే.

మజ్జిగ_మెల్‌బోర్న్
ఏప్రిల్ స్కూలు సెలవులకి మార్చుకోండి. ఉలూరు కూడా కలపాలనుకుంటే జూన్, జులై ఇంకా నయం. కానీ రాత్రి చలి, ఒక్కోసారి సున్నా దాకా దిగుతుంది, పిల్లలకి మంచి స్లీపింగ్ బ్యాగులు కావాలి.

ఆవకాయ_అడిలైడ్
ఉలూరు ఎక్కనివ్వరుగా ఇప్పుడు, అంతదూరం పోయి ఏం లాభం?

జెర్రీక్యాన్_మూర్తి
2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం ఆపేశారు, మంచి పని చేశారు. అది అక్కడి ఆదివాసులైన అనంగూ ప్రజలకి పవిత్రమైన చోటు. తిరుమలలో ఆనంద నిలయం గోపురం ఎక్కి ఫోటో దిగుతామా? చుట్టూ 10.6 కిలోమీటర్ల దారి ఉంది, గిరి ప్రదక్షిణం చేసుకోండి. పిల్లలతో అయితే మాలా వాక్, ముటిట్జులు నీటి గుంట దాకా వెళ్లే చిన్న నడక చాలు. పార్కు లోపల క్యాంపింగ్ లేదు, పార్కు బయట యులారా ఊళ్లో దిగాలి.

పల్నాడు_పిల్ల
సరే, ఏప్రిల్. మావారు బాస్‌ని బతిమాలి ఆరు రోజులు తెచ్చుకున్నారు. కూబర్ పీడీలో టెంట్ లేదు, భూమి కింద మోటెల్ బుక్ చేశాం. సిగ్నల్ సంగతి ఒక్కటి చెప్పండి, ఆ దార్లో ఫోన్ పనిచేయదట?

కుండనీళ్లు
ఊళ్ల దగ్గర వస్తుంది, మధ్యలో రాదు. పీఎల్‌బీ అని, ఆపదలో శాటిలైట్ ద్వారా సిగ్నల్ పంపే చిన్న బీకన్ కొనండి లేదా అద్దెకి తీసుకోండి. నెల చందా ఏం ఉండదు, కొంటే ఏఎంఎస్ఏలో (ప్రభుత్వ సముద్ర భద్రతా సంస్థలో) ఉచితంగా రిజిస్టర్ చేసుకోవాలి. ఐఫోన్ 14, ఆ తర్వాతవాటిలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది. లారీలవాళ్లు యూహెచ్ఎఫ్ రేడియో 40వ ఛానెల్‌లో ఉంటారు.

కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండాలి, సాయం వెతుక్కుంటూ నడిచి పోకూడదు. పైనుంచి వెతికేవాళ్లకి కారు కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

జెర్రీక్యాన్_మూర్తి
చీకటి పడ్డాక డ్రైవింగ్ వద్దు. కంగారూ రోడ్డు మీదికి ఎటునుంచి దూకుతుందో దానికే తెలియదు. కూబర్ పీడీలో పిల్లల చెయ్యి వదలొద్దు. ఊరి చుట్టూ మూత లేని గని గోతులు, పరిగెత్తొద్దు, వెనక్కి నడవొద్దు అని బోర్డులే ఉంటాయి. ఫోటో కోసం "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం" అనే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది.

పల్నాడు_పిల్ల
వెళ్లొచ్చాం! నిన్న రాత్రే దిగాం. ఇంకా బట్టలు ఉతకలేదు, అయినా రాయకపోతే మీకు అన్యాయం చేసినట్టు.

క్వోర్న్‌లో ఆగి పిచీ రిచీ పాత రైలు ఎక్కించాం. ఆ పేరు విని పాప ఇప్పటికీ నవ్వు ఆపట్లేదు, తమ్ముణ్ణి "పిచ్చి రిచ్చి" అని పిలుస్తోంది. విల్పీనాలో మొదటి రెండు రోజులు 27, 28. పొద్దున ఆరున్నరకి బయల్దేరి పదిన్నరకి తిరిగొచ్చేయడం, మళ్లీ నాలుగున్నరకి బయటికి, అత్తయ్య టైమ్ టేబుల్ అంటే టైమ్ టేబులే. విల్పీనా పౌండ్ (చుట్టూ కొండలు గోడలా ఉన్న మైదానం) లోపలికి వాగు పక్కన నడక పిల్లలకి సరిగ్గా సరిపోయింది. రెడ్‌గమ్ కనిపించినప్పుడల్లా మావారు ముందు పైకి చూడటం, మూర్తి గారూ, మీ పుణ్యమే. బ్రాకినా గార్జ్‌లో పొద్దున్నే పసుప్పచ్చ కాళ్ల వాలబీలు (చిన్న కంగారూలు) రెండు కనిపించాయి. వాటి తోకకి చారలుంటాయి. బాబు వాటిని "పిల్లీ" అన్నాడు, సరే అన్నాం. ఆ దారి మట్టిది, అద్దె కారైతే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో చూసుకోండి.

మూడో రోజు అనుకోకుండా 36కి ఎక్కింది. టెంట్ ఉడికిపోతోంది. అప్పుడు అత్తయ్య పెట్టెలోంచి పాత మంగళగిరి నేత చీర తీశారు. కుళాయి దగ్గర తడిపి, పిండకుండా, గాలి వచ్చే వైపు టెంట్ ద్వారానికి బట్టల క్లిప్పులతో కట్టారు, ఎదురు ద్వారం తెరిచిపెట్టారు. నేను నమ్మలేదు. పది నిమిషాల తర్వాత లోపలికి వెళ్తే మొహానికి తగిలే గాలి నిజంగానే చల్లగా ఉంది. అంచు నుంచి చుక్కలు పడి గుమ్మంలో ఎర్రమట్టి నల్లగా తడిసింది. అరగంటకోసారి చెంబుతో చీర మీద పోయడం పాప డ్యూటీ. బాబు దాని వెనక గంటన్నర నిద్రపోయాడు. పక్క సైటు నుంచి ఒక పెద్దాయన వచ్చి చూసి, ఇంట్లో ఉన్న కూల్‌గార్డీ సేఫ్ గురించి అత్తయ్యకి చెప్పడం, ఆవిడ తెలుగులో కుండ గురించి ఆయనకి చెప్పడం. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

ఒక్కసారే హడలిపోయాం. పొడి గాలికి పాపకి ముక్కులోంచి రక్తం కారింది. అత్తయ్య తల వెనక్కి వంచబోయారు, నేను వద్దని ముందుకి వంచి ముక్కు మెత్తటి భాగం పట్టుకున్నా. పది నిమిషాలు ఫోన్‌లో టైమర్ పెట్టి మరీ. ఆగిపోయింది.

నర్సమ్మ_కబుర్లు
సరిగ్గా చేశారు. వెనక్కి వంచితే రక్తం గొంతులోకి పోతుంది. ఈసారి ముక్కు లోపల అంచుకి కొంచెం వ్యాజెలిన్ రాయండి.

కుండనీళ్లు
చీర!! నేను థియరీ రాశాను, అత్తయ్యగారు ప్రాక్టికల్ చేశారు. అదే చీర విజయవాడలో కడితే ఉక్కపోత పెరిగేది, గాలిలో తేమ తక్కువ ఉన్న చోటే పనిచేస్తుంది.

జెర్రీక్యాన్_మూర్తి
కూబర్ పీడీ ఏమైంది?

పల్నాడు_పిల్ల
భూమి కింద గదిలో ఏసీ లేదు, ఫ్యాన్ లేదు, దుప్పటి కప్పుకునే చల్లదనం. లైటు తీస్తే చెయ్యి కనపడని చీకటి, బాబు ముందు ఏడ్చి తర్వాత పది గంటలు లేవలేదు. అత్తయ్య గోడ తడిమి చూసి "ఇదే కదా మిద్దె" అన్నారు. ఊళ్లో రాళ్లు ఏరుకోనిచ్చే చోటు ఉంది, పాప జేబుల నిండా తెల్లరాళ్లు ఏరింది. ఓపల్ ఒక్కటీ లేదు, పారేయనివ్వట్లేదు.

గ్లెండాంబో బోర్డు దగ్గర ఫోటో దిగాం, నిమ్మకాయ గారూ. ఈగల లెక్క తప్పే.

సింగరేణి_బిడ్డ
అక్కా, జులైల ఉలూరు పోదాం అనుకుంటున్నం మేము, రెండు కుటుంబాలం. మీరూ వస్తరా?

పల్నాడు_పిల్ల
మావారి బాస్ ఇంకో ఆరు రోజులు ఇస్తే. అత్తయ్య ఆదివారం వెళ్లిపోతున్నారు. చీర మాత్రం నాకు వదిలి వెళ్తున్నారు. మూడుసార్లు ఉతికినా ఎర్రమట్టి వదల్లేదు.

పెర్త్_పులిహోర
నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో ఆరేయండి.

పల్నాడు_పిల్ల
ఏ ఎండలో? పొద్దుట్నుంచి ఇక్కడ ఒకటే వాన.